రావ్‌నోయ రేవుకు ఆరుగురు

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు వచ్చే ఫెర్రీలో ఇంటిల్లిపాదీ ఎక్కి, ఉత్తరాన సాండ్‌వోల్‌లో ఉంటున్న అన్న ఎగిల్ డెబ్బయ్యో పుట్టినరోజుకు వెళ్ళాలి. సోల్‌ఫ్రిద్ వేసుకున్న పథకం ఇంతే. ఇంత చిన్న పథకంలో చెడిపోవడానికి ఏమీ లేదని ఆమె నమ్మకం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రావ్‌నోయ రేవు బాగోగులు చూస్తున్న మనిషికి ఫెర్రీ ఎక్కడం కూడా ఒక పనేనా అని ఎవరైనా అనుకుంటారు.

అసలు సంగతి పుట్టినరోజు కాదు, వంటింట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించిన ఉత్తరం. రవాణా ఆఫీసువాళ్ళు దాన్ని ఏప్రిల్లో పంపారు. రెండేళ్ళ కిందట సముద్రం అడుగున సొరంగం వేశారు కాబట్టి దీవి జనమంతా కార్లలోనే పోతున్నారని, జూన్ పన్నెండో తేదీ శనివారం తమ మనిషి ఫెర్రీలో కూర్చుని ప్రతి రేవులోనూ ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ లెక్కపెడతాడని, ఆ లెక్క ఆరుకు తగ్గిన రేవులో శీతాకాలం నుంచి ఫెర్రీ ఆగదని అందులో రాశారు. చివర "స్నేహపూర్వక శుభాకాంక్షలతో" అని కూడా ఉంది. ఆ ఒక్క మాటకు సోల్‌ఫ్రిద్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఊళ్ళో అందరినీ అడిగింది. తప్పకుండా వస్తామని అందరూ అన్నారు. వారం గడిచేసరికి అందరికీ సరిగ్గా ఆ రోజే ఏదో ఒక పని తగిలింది. చివరికి ఇంట్లో తలలు లెక్కపెట్టుకుంటే ఆరు తేలాయి. తను, మొగుడు ఓడ్‌వార్, కూతురు టోరున్, ఓస్లో నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ అల్లుడు హెన్నింగ్, పన్నెండేళ్ళ మనవరాలు ఇడున్, మొగుడి అక్క గుడ్నీ. గుడ్నీకి ఎనభై ఒక్క ఏళ్ళు. ఆవిణ్ణి ఒప్పించడానికే మూడు వారాలు పట్టింది. ఒక్కరు తగ్గినా రేవు పోతుంది.

అన్న పుట్టినరోజు కూడా దేవుడు పంపినట్టే కలిసొచ్చింది. ఎగిల్ పుట్టింది నిజానికి మే నెలలో. చలి తగ్గాక చేసుకుంటానని ఈసారి విందును జూన్ పన్నెండుకు జరిపాడు. పైగా తనే ఫోన్ చేసి, "అందరూ రావాలి, ఫెర్రీలోనే రావాలి, కార్లో వస్తే కాఫీ పొయ్యను" అన్నాడు. అన్నకు తన మీద ఇంత ప్రేముందా అని సోల్‌ఫ్రిద్ ఆ పూటంతా పొంగిపోయింది. ఉత్తరం సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. తన కష్టాన్ని ఇంకొకరి పుట్టినరోజు మీద రుద్దడం ఆ ఇంటావంటా లేదు.

"కార్లో అయితే పాతిక నిమిషాలు," అన్నాడు హెన్నింగ్, పొద్దున్నే రొట్టె మీద చీజ్ పెట్టుకుంటూ. "ఫెర్రీలో రెండు గంటల నలభై. నాకసలు సముద్రం పడదని మీకు తెలుసు కదా, సోల్‌ఫ్రిద్."

"పాతిక నిమిషాల్లో వెళ్ళి ఏం చేస్తావు? మిగిలిన రెండు గంటలూ మా అన్న మోకాళ్ళ నొప్పుల గురించి వింటావా?"

"అమ్మా, ఊరంతా సొరంగంలోంచే పోతోంది," అంది టోరున్.

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటావు. అనుకో. నేను ఉలిపికట్టెనే." సోల్‌ఫ్రిద్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. "ఫెర్రీ ఆగితే మనది దారిలో ఉన్న ఊరు. ఆగకపోతే, కారు తిప్పుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాని ఊరు. తెలిసిందా?"

రేవు మూతపడితే వెయిటింగ్ రూము కూడా మూతపడుతుంది. ఆ తాళం చెవి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమె కోటు కుడి జేబులో ఉంటోంది. గాలివానకు తడిసి దిగిన మనుషులు ఎందరో ఆ గదిలో ఆమె కాచిన కాఫీ తాగారు. అలాంటి గదిని ఎవడో ఆఫీసులో కూర్చుని ఒక ఉత్తరంతో మూసేస్తాడంటే ఆమెకు కోపం, దుఃఖం రెండూ వచ్చాయి. దుఃఖాన్ని ఎవరికీ చూపించలేదు. కోపాన్ని మాత్రం అందరికీ తలా కాస్త పంచింది.

ఎనిమిదింపావుకే ఆరుగురూ రేవుకు చేరారు. టోరున్ రెండు రోజులు కష్టపడి చేసిన పుట్టినరోజు కేకు సోల్‌ఫ్రిద్ చేతుల్లో ఉంది. బాదం పిండితో చేసిన పద్దెనిమిది గుండ్రటి వలయాలు ఒకదానిమీద ఒకటి పేర్చి, పైనుంచి కిందిదాకా చిన్న చిన్న కాగితపు జెండాలు గుచ్చిన కేకు అది. పట్టుకున్నవాళ్ళకు ఎదుట ఏముందో కనిపించదు. గుడ్నీ తన మడత కుర్చీ తానే మోసుకొచ్చింది. ఊళ్ళోవాళ్ళ కుర్చీల మీద ఆవిడకు నమ్మకం లేదు.

సోల్‌ఫ్రిద్ వెళ్ళి స్తంభం మీది దీపం వెలిగించింది. రావ్‌నోయ లాంటి చిన్న రేవుల్లో ఎక్కేవాళ్ళుంటే ఆ దీపం వెలగాలి. అది చూసి కెప్టెన్ ఫెర్రీని గట్టుకు తెస్తాడు. వెలగకపోతే సాగిపోతాడు. తరవాత ఆమె అందరినీ పసుపు గీత వెనక్కి నడిపించింది.

ఆ గీత కథ కొంత చెప్పాలి. ఇరవై ఏళ్ళ కిందట ఎవరో టూరిస్టు ఫొటో తీస్తూ గట్టు మీంచి జారబోయాడు. ఆ మర్నాడే సోల్‌ఫ్రిద్ రంగు డబ్బా తెచ్చి, ఫెర్రీని కట్టేదాకా ఎవరూ దాటకూడదని అంచుకు మూడడుగుల దూరంలో గీత గీసింది. రంగు వెలిసినప్పుడల్లా మళ్ళీ గీస్తూ, గీసినప్పుడల్లా మనిషి ప్రాణం కన్నా ఎక్కువేముందని ఒక అడుగు వెనక్కి జరుపుతూ వచ్చింది. అలా జరిగి జరిగి అది ఇప్పుడు సరుకుల షెడ్డు వెనక తేలింది.

"అమ్మమ్మా, ఇక్కణ్ణించి సముద్రమే కనిపించట్లేదు," అంది ఇడున్.

"సముద్రం ఎప్పుడూ చూళ్ళేదా? ఫెర్రీ వస్తే చప్పుడు వినిపిస్తుందిలే."

చప్పుడు వినిపించింది కూడా. ఎనిమిదిన్నరకు ఫెర్రీ వచ్చింది, వేగం తగ్గించింది. జూన్ ఎండ సూటిగా దీపం అద్దం మీద పడి మెరుస్తోంది. వెలిగిన దీపానికీ ఆరిన దీపానికీ తేడా తెలుసుకోవడం ఎవరి తరమూ కాదు. గట్టు మీద మనిషి జాడ లేదు. ఆరుగురూ షెడ్డు వెనక, మర్యాదస్తులు నిలబడ్డట్టు ఒకరికొకరు రెండేసి బారల ఎడంలో, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డారు. ఫెర్రీ ఇంజిను చప్పుడు మళ్ళీ పెరిగింది.

అప్పుడైనా ఎవరో ఒకరు పరుగెత్తి చెయ్యి ఊపి ఉంటే సరిపోయేది. కానీ రావ్‌నోయలో ఫెర్రీకి చెయ్యి ఊపేది టూరిస్టులు. ఊరివాళ్ళు ఊపితే అదొక అతి. కేక వెయ్యడమంటే పరువు గట్టున పడేసుకోవడమే. కాబట్టి ఆరుగురిలో ప్రతి ఒక్కరూ, అంత అవసరమైతే మిగతా అయిదుగురిలో ఎవరో ఒకరు ఊపుతారులే అని ఊరుకున్నారు.

"వెళ్ళిపోయింది," అన్నాడు ఓడ్‌వార్. ఆ ఉదయం లేచింది మొదలు ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

సోల్‌ఫ్రిద్ కేకుతో సహా గట్టు అంచుదాకా నడిచింది. ఫెర్రీ వెనక తెల్లటి నురగ తప్ప ఏమీ లేదు. తన గీతే తన కొంప ముంచిందని ఆమెకు ఆ క్షణంలోనే అర్థమైంది. కానీ ఆ మాట పైకి అనే మనిషి కాదు.

"అయితే కారు తెస్తాను," అన్నాడు హెన్నింగ్. ఆ గొంతులో సంతోషాన్ని దాచడానికి అతను కొంత ప్రయత్నించాడు కూడా.

"కారు పేరెత్తితే కేకు నీ నెత్తిన పెడతా. పక్క రేవుకు పోయి ఎక్కితే ఆ లెక్క ఆ రేవుది. మన రేవుకు వచ్చేది సున్నా."

టోరున్ ఫెర్రీ ఆఫీసుకు ఫోన్ చేసింది. సోమవారం ఉదయం చెయ్యమని మిషను చెప్పింది. కెప్టెన్ స్వెర్రెకు చేసింది. ఫెర్రీ నడిపేటప్పుడు ఆయన ఫోన్ కోటులో పెట్టి, కోటు కొక్కేనికి తగిలిస్తాడు. అది మోగీ మోగీ ఊరుకుంది.

"ఇప్పుడది కొండల మధ్య పాయలో, హెస్ట్‌నెస్ ఫియర్డ్ లోపలికి పోతుంది," అంది సోల్‌ఫ్రిద్ తనలో తాను లెక్క వేసుకుంటూ. "అక్కడ సరుకు దించి, పోయిన దారినే బయటికి రావాలి. యాభై నిమిషాలు. ఫియర్డ్ మొగ ఇక్కణ్ణించి రెండు మైళ్ళు. ఓడ్‌వార్, బోటు తియ్యి."

"అమ్మా, నడిసముద్రంలో ఎవరైనా ఫెర్రీ ఎక్కుతారా?"

"ఎవరో ఒకరు మొదలుపెడితేనే కదా అలవాటయ్యేది."

"లెక్కలోకి తీసుకుంటారంటావా?"

"స్వెర్రె మనల్ని వదిలేసి పోయాడు. తప్పు అతనిది. దిద్దుకునే అవకాశం ఇస్తున్నా, అంతే," అంది సోల్‌ఫ్రిద్. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాక ఇక ఆ ఇంట్లో నాలుగో కాలు వెతికే ధైర్యం ఎవరికీ లేదు.

ఓడ్‌వార్ కాడ్ చేపలు పట్టే బోటు చిన్నది, ముసలిది, కానీ గట్టిది. లైఫ్ జాకెట్లు తొడుక్కుని అందరూ ఎక్కారు. గుడ్నీ బోటు నడిమధ్యన తన మడత కుర్చీ వేసుకుని, చేతి సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సోల్‌ఫ్రిద్ ఆవిడ వెనక చేపల పెట్టె మీద కేకును రెండు చేతులా పొదివి పట్టుకుని కూర్చుంది. హెన్నింగ్‌ను గాలి తగిలితే మంచిదని ముందు కొసన నిలబెట్టారు. గట్టు దాటకముందే అతని మొహం పాలిపోయింది.

"వాంతి చేసుకుంటే గాలివాలుకు చేసుకో నాయనా," అంది గుడ్నీ. "ఎదురుగాలికి చేసుకుంటే అది మళ్ళీ మా దగ్గరికే వస్తుంది."

ఫియర్డ్ మొగ దగ్గర ఓడ్‌వార్ ఇంజిను ఆపాడు. బోటు అలల మీద ఊగుతూ నిలబడింది. పావుగంటలో ఫెర్రీ తెల్లగా, ఎత్తుగా కొండ మలుపు తిరిగి వచ్చింది.

"ఇప్పుడు చెయ్యి ఊపాల్సిందే," అంది సోల్‌ఫ్రిద్. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమె నోట రాని మాట. "హెన్నింగ్, ముందున్నది నువ్వే. ఊపు. కానీ టూరిస్టులా గంతులెయ్యకు. నెమ్మదిగా, మర్యాదగా ఊపు. మన పరువు నీ చేతుల్లో ఉంది."

హెన్నింగ్ అత్తగారి మాట జవదాటే రకం కాదు. ఊగే బోటులో ఒక చెయ్యి ఎత్తితే పడిపోయేట్టున్నాడు. అందుకని రెండు చేతులూ రెండు పక్కలకూ బారుగా చాపాడు. చాపిన చేతుల్ని నెమ్మదిగా, ఎంతో మర్యాదగా పైకి ఎత్తి, అంతే నెమ్మదిగా కిందికి దించాడు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ దించాడు.

సముద్రం మీద తిరిగేవాళ్ళు ఏ దేశంవాళ్ళయినా ఆ సైగకు ఒకటే అర్థం చెబుతారు. మునిగిపోతున్నాం, కాపాడండి. సోల్‌ఫ్రిద్ చూసి ఉంటే అక్కడికక్కడే ఆపేది. కానీ ఆమె కళ్ళ ముందు పద్దెనిమిది వలయాల కేకు ఉంది. చుక్కాని దగ్గరున్న ఓడ్‌వార్ చూశాడు. దాని అర్థం ఆయనకు బాగా తెలుసు. చెబుదామా వద్దా అని ఆలోచించాడు. ఆయన ఆలోచన ఒక కొలిక్కి వచ్చేసరికి ఫెర్రీ హారన్ ఏడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా మోగింది.

ఆ తరవాత పనులు చకచకా జరిగిపోయాయి. ఫెర్రీలో ఉన్న యాభై ఎనిమిది మంది ప్రయాణికులూ లైఫ్ జాకెట్లు వేసుకున్నారు. వాళ్ళలో ముప్ఫై మంది ఉత్తరాన పోటీకి పోతున్న బ్యాండువాళ్ళు. జాకెట్టు పెద్ద బాకాల మీంచి వేసుకోవాలా, కిందినుంచి వేసుకోవాలా అన్న విషయంలో వాళ్ళకు కాస్త తకరారు వచ్చింది. కెప్టెన్ రేడియోలో రక్షణ బోటును పిలిచాడు. ఫెర్రీ దగ్గరికి వచ్చి ఆగింది. స్వెర్రె మైకు పట్టుకుని కిందికి వంగాడు.

"ఎంతమంది ఉన్నారు? నీళ్ళు ఎంతదాకా వచ్చాయి?"

"నీళ్ళెందుకొస్తాయి? బోటు బంగారంలా ఉంది," అంది సోల్‌ఫ్రిద్. "నీకు దీపం కనపడలేదా?"

"ఏ దీపం?"

"రావ్‌నోయలో, ఎనిమిదిన్నరకి. ఆరుగురం నిలబడ్డాం."

స్వెర్రె మైకు దించి, కంచె మీంచి ఇంకాస్త వంగాడు. "ఇప్పుడది కాదు సమస్య. నేను రేడియోలో చెప్పేశా. రక్షణ బోటు బయల్దేరింది. మీ అల్లుడు సైగ చేశాడు, నా కళ్ళతో చూశా. మీరు ఆపదలో ఉన్నట్టా, లేనట్టా? లేకపోతే దొంగ సైగ చేసినట్టు అవుతుంది. నేను కాగితం మీద రాయాలి."

సోల్‌ఫ్రిద్ ఇరుకున పడింది. దీపం ఆర్పడం మరిచిపోయినా రేవు పుస్తకంలో రాసుకునే మనిషి. ఆపదలో ఉన్నామని అబద్ధం చెప్పలేదు. లేమంటే అల్లుడు దోషి అవుతాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కదా అనుకుంది.

గుడ్నీ కుర్చీలోంచి తల పైకెత్తింది. "నాకు ఎనభై ఒక్క ఏళ్ళు, స్వెర్రె. నడిసముద్రంలో మడత కుర్చీలో కూర్చున్నా. ముందు వీడు, వెనక ఈ కేకు. ఇది ఆపద కాకపోతే ఇంకేంటి చెప్పు?"

సరిగ్గా అప్పుడే హెన్నింగ్ చేతులు దించి, పక్కకు వంగి, గాలివాలుకే వాంతి చేసుకున్నాడు.

"రాసుకో," అంది గుడ్నీ.

అయిదుగురిని నిచ్చెన మీదుగా ఫెర్రీలోకి ఎక్కించారు. కేకును తాడు కట్టి లాగారు. ఓడ్‌వార్ మాత్రం బోటును వదిలి రానన్నాడు. ఫెర్రీ మెట్ల దగ్గర ఒక మనిషి కాగితాల పలకతో నిలబడి ఉన్నాడు. సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ చేసిన చొక్కాలో ఉన్న అతని పేరు సిగ్వార్ట్. రవాణా ఆఫీసు పంపిన లెక్కలవాడు.

"ఏ రేవులో ఎక్కారు?"

"రావ్‌నోయ," అంది సోల్‌ఫ్రిద్.

"రావ్‌నోయ రెండు మైళ్ళ దూరంలో ఉంది."

"మేం ఎనిమిదిన్నరకు అక్కడే ఉన్నాం. మీరే ఆగలేదు."

"నిలబడ్డవాళ్ళకు ఇందులో గడి లేదండి. ఎక్కినవాళ్ళకు, దిగినవాళ్ళకు మాత్రమే ఉంది."

"సముద్రంలో ఎక్కినవాళ్ళకు?"

"దానికీ లేదు." అతను చెడ్డవాడు కాదు. పలక తిప్పి ఆమెకు చూపించాడు. రావ్‌నోయ అన్న మాట ఎదురుగా గుండ్రంగా, అందంగా సున్నా రాసి ఉంది.

ఆ సున్నా చూసి సోల్‌ఫ్రిద్ కళ్ళు చెమర్చాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళు మంచు ఊడ్చిన గట్టు, గాలివానలో వెలిగించిన దీపం, కాచిన కాఫీ, అన్నీ కలిపితే ఆ గడిలో ఇంతేనా అనిపించింది. ఇడున్ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. సోల్‌ఫ్రిద్ ముక్కు తుడుచుకుని నిటారుగా నిలబడింది.

"ఆ కలం జేబులో పెట్టుకోకు, బాబూ. రోజు ఇంకా అయిపోలేదు."

అలా ఎందుకందో ఆమెకే తెలియదు. మొండితనం కొద్దీ అంది. అంతలో కెప్టెన్ గొంతు స్పీకర్లలో వినిపించింది. ఆపదలోంచి తీసినవాళ్ళను అన్నిటికన్నా దగ్గరి రేవులో దించాలన్నది నియమం కాబట్టి ఫెర్రీ వెనక్కి తిరుగుతోందని, ప్రయాణికులు మన్నించాలని, దగ్గరి రేవు రావ్‌నోయ అని చెప్పాడు.

సోల్‌ఫ్రిద్ సిగ్వార్ట్ వైపు చూసింది. సిగ్వార్ట్ పలక వైపు చూసుకున్నాడు.

ఫెర్రీ రావ్‌నోయ గట్టుకు వచ్చి ఆగింది. వెనకే రక్షణ బోటు ఓడ్‌వార్ బోటును తాడుతో లాక్కొచ్చింది. తన బోటుకు ఏ లోపమూ లేదని చెప్పడానికి ఆయన దారి పొడుగునా చెయ్యి ఎత్తుతూనే ఉన్నాడు గానీ, అలా ఎత్తిన కొద్దీ వాళ్ళు ఇంకా వేగంగా లాగారు. అయిదుగురూ ఫెర్రీ దిగారు. ఆరోవాడు బోటులోంచి గట్టెక్కాడు. సిగ్వార్ట్ పెదాలు కదిపాడు.

"దిగినవాళ్ళు అయిదుగురు. ఆయన ఫెర్రీలోంచి దిగలేదు కదా."

ఒక్కడు తక్కువ. ఇంకెవరైనా అయితే ఏడ్చేవాళ్ళు. సోల్‌ఫ్రిద్ కోటు జేబులోంచి తాళం చెవి తీసి వెయిటింగ్ రూము తలుపు తెరిచింది. రక్షణ బోటువాళ్ళు ఒక్కొక్కరి దగ్గరా వాంగ్మూలం రాసుకోవాలి, కెప్టెన్ నివేదిక రాయాలి. తక్కువలో తక్కువ గంట పడుతుంది. ఫెర్రీ పైన యాభై ఎనిమిది మంది కంచె పట్టుకుని కిందికి చూస్తున్నారు. ఆమె గట్టు అంచుకొచ్చి నిలబడి, బతుకులో మొదటిసారి కేకేసింది.

"కాఫీ ఉంది. కేకు ఉంది. డబ్బులక్కర్లేదు. కానీ దిగి తాగాలి, పైకి తెచ్చివ్వడం కుదరదు."

ఊరికే వచ్చే కాఫీకి ఆ తీరంలో కాదనే మనిషి పుట్టలేదు. అందరూ బుద్ధిగా వరస కట్టారు, మనిషికీ మనిషికీ మధ్య ఎడం వదులుతూ దిగారు. సిగ్వార్ట్ చెయ్యి అడ్డం పెట్టబోయాడు.

"వీళ్ళు ఇక్కడికి వచ్చినవాళ్ళు కాదు. కాఫీకి దిగినవాళ్ళు."

"మీ ఆఫీసువాళ్ళు నీకు నియమాల కాగితం ఇచ్చారా?"

"ఇచ్చారు."

"పైకి చదువు."

సిగ్వార్ట్ జేబులోంచి కాగితం తీసి చదివాడు. "ఫెర్రీ నుంచి రేవు గట్టు మీదికి గానీ, గట్టు నుంచి ఫెర్రీలోకి గానీ వెళ్ళే ప్రతి మనిషినీ, కారణం అడగకుండా, వెళ్ళిన ప్రతిసారీ లెక్కలో చేర్చవలెను." చివరికి వచ్చేసరికి అతని గొంతు సన్నబడింది. రాసి ఉన్న మాటను దాటిపోవడం అతని వల్ల కాదు. సోల్‌ఫ్రిద్ అది ఎప్పుడో కనిపెట్టింది. తను కూడా అదే జాతి.

అతను కలం తీశాడు. యాభై ఎనిమిది మంది దిగారు. కాఫీ తాగాక బ్యాండువాళ్ళకు, ఎలాగూ గంట ఆగాలి కదా, ఇక్కడే సాధన చేసుకుందామన్న ఆలోచన వచ్చింది. వాయిద్యాల కోసం ముప్ఫై మందీ ఫెర్రీ ఎక్కి మళ్ళీ దిగారు. నివేదిక రాసి అలిసిపోయిన కెప్టెన్ స్వెర్రె కాఫీకి దిగి, తాగి, ఎక్కాడు. సిగ్వార్ట్ మెట్ల పక్కన నిలబడి చెమటలు కక్కుతూ గీతలు గీస్తూ పోయాడు. ఇడున్ జాలిపడి ఒక కేకు వలయం తెచ్చిచ్చింది. దాన్ని నోట్లో కరచుకునే గీశాడు.

పద్దెనిమిది వలయాల్లో పదమూడు గట్టు మీదే అయిపోయాయి. బ్యాండు వాయించింది. బాకాల మోతకు ఊళ్ళోవాళ్ళు, ఆ రోజు ఏదో పని పడ్డవాళ్ళంతా, కిటికీలు తెరిచి చూశారు. తన పెళ్ళినాడు కూడా ఆ గట్టు మీద అంతమంది లేరని సోల్‌ఫ్రిద్‌కు గుర్తొచ్చింది. ఆమె వెయిటింగ్ రూము గుమ్మంలో కాఫీ పాత్రతో నిలబడి, ఎవరూ చూడట్లేదనుకుని కాసేపు ఏడ్చింది. ఓడ్‌వార్ చూశాడు. వచ్చి పాత్ర అందుకున్నాడు.

పదకొండు దాటాక హారన్ మోగింది. అందరూ ఎక్కారు. సిగ్వార్ట్ కూడిక మూడుసార్లు చేసి, పలక చూపించాడు. నూట ఎనభై మూడు.

"మీరు కూడా ఎక్కుతారా?" అని అడిగాడు నీరసంగా.

సముద్రంలోంచి తీసినవాళ్ళు ఆ రోజుకు మళ్ళీ నీళ్ళ మీదికి పోకూడదని రక్షణ బోటువాళ్ళు అప్పటికే గట్టిగా చెప్పారు. మామూలుగా అయితే సోల్‌ఫ్రిద్ వాదించేదే. ఆ పూట వాదించలేదు. "మా పని అయిపోయింది," అంది.

మధ్యాహ్నం టోరున్, హెన్నింగ్, ఇడున్ మిగిలిన అయిదు వలయాలు పట్టుకుని కార్లోనే సాండ్‌వోల్ వెళ్ళారు. సోల్‌ఫ్రిద్ సొరంగంలోకి రానంది. అన్నకు ఫోన్ చేసి ఫెర్రీలో రాలేకపోయామని చెప్పింది. "ఆరుగురిలో ఒక్కరు కూడా రాలేదా?" అన్నాడు ఎగిల్. ఆ గొంతులో దిగులు విని, అన్నకు తనంటే ఎంత ప్రాణమో అని ఆమె మళ్ళీ కదిలిపోయింది. సాయంత్రం టోరున్ తిరిగొచ్చి, మామయ్య కారు వైపు చూసి మొహం తిప్పుకున్నాడని, ముందే చెప్పినట్టు కాఫీ కూడా పొయ్యలేదని చెప్పింది. కేకు తగ్గినందుకు అయి ఉంటుందని అందరూ సర్దుకున్నారు.

జూలై చివర్లో ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. తీరం మొత్తం మీద జనసంచారం అత్యధికంగా ఉన్న రేవు రావ్‌నోయ అని తేలిందని, అక్కడ ఫెర్రీ ఇకముందు దీపం ఉన్నా లేకపోయినా ఆగుతుందని అందులో ఉంది. సోల్‌ఫ్రిద్ ఆ వాక్యాన్ని ఇంట్లో అందరికీ రెండేసి సార్లు చదివి వినిపించింది. రెండో పేజీ ఎవరూ తిప్పలేదు. ఫోన్ మోగింది.

"రెండో పేజీ చూశావా?" అన్నాడు ఎగిల్.

ఆమె తిప్పి చూసింది. ఫెర్రీ ఇక ఆగని రేవులు అని శీర్షిక పెట్టి, కింద ఒకే ఒక్క పేరు రాశారు. సాండ్‌వోల్. ఎదురుగా సున్నా.

"నీకు కూడా ఆ ఉత్తరం వచ్చిందా? ఏప్రిల్లో?"

"వచ్చింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నాకు చెప్పావా?" అన్నాడు ఎగిల్. "ఊళ్ళో అందరినీ అడిగా. అందరికీ ఆ రోజే పని పడింది. మీ ఇంట్లో లెక్కపెడితే సరిగ్గా ఆరుగురు తేలారు. మేలో పుట్టినవాణ్ణి జూన్ పన్నెండున విందు పెట్టుకుంటానంటే నీకు అనుమానం రాలేదా?"

సోల్‌ఫ్రిద్ రెండో పేజీని మడిచి బల్ల మీద పెట్టింది. ఒక కడుపున పుట్టినవాళ్ళకు ఒకే మొండితనం ఉంటుందని ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే బాగుండేది. ఆమెకు నవ్వొచ్చింది, బాధేసింది, అన్న మీద కోపం కూడా వచ్చింది. అన్నీ ఒకేసారి వచ్చాయి.

"పోనీలే," అన్నాడు ఎగిల్. "ఫెర్రీ ఇప్పుడు నీ రేవులో ఆగుతుంది. మంచిదే. ఎక్కి ఎక్కడికి వస్తావు?"

"వచ్చే ఏడు లెక్కకు నీ రేవును కూడా తెరిపిస్తా, చూస్తూ ఉండు. అందాకా ఎక్కడికో ఒకచోటికి పోతా. ఎక్కడం మాత్రం మానను."

ఆ మాట నిలబెట్టుకుంటూ ఆమె ప్రతి శనివారం ఎనిమిదిన్నర ఫెర్రీలో హెస్ట్‌నెస్‌కు వెళ్ళొస్తోంది. అక్కడ ఆమెకు తెలిసినవాళ్ళెవరూ లేరు, కాఫీ కూడా బాగుండదు.